నీళ్ళాయన సెలవు

పురపాలక నీళ్ళ విభాగంలో వాల్వులు తిప్పే ఆయన్ని అందరూ నీళ్ళాయన అనే పిలుస్తారు. భుజాన పొడవాటి ఇనుప తాళం వేసుకుని వస్తాడు. రోడ్డు మీద మూత ఎత్తి, ఆ తాళంతో వాల్వు తిప్పితే ఆ వీధికి నీళ్ళొస్తాయి. మళ్ళీ తిప్పితే ఆగిపోతాయి. ఇంత అధికారం చేతిలో ఉన్నవాడింట్లో నీళ్ళు పొంగిపొర్లుతుంటాయని మీరనుకుంటే పప్పులో కాలేసినట్టే. సొంత వీధి వాల్వును ఆయన అన్ని వీధులకంటే ముందే కట్టేసేవాడు. తనవైపు ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన పట్టుదల.

దానివల్ల అవస్థ పడింది మాత్రం అత్తగారు. సగం నిండిన సొట్టల బిందె పట్టుకుని గుమ్మంలోనే అందుకునేది.

"ఏం బాబూ, ఊరందరికీ నీళ్ళు పోస్తావు, మనింటికొచ్చేసరికి నీ చెయ్యి ముడుచుకుపోతుందేం? ఇంకో బిందెడు వదిలితే నీ ఉద్యోగం ఊడుతుందా?"

"ఊడదు అత్తయ్యా. మాటొస్తుంది."

"మాటే కదా, వస్తుంది, పోతుంది. నీళ్ళు అట్లా రావు మరి."

మాటలకు తడుముకునే మనిషి కాదావిడ. ఆయన నవ్వుకుంటూ లోపలికి పోయేవాడు. మర్నాడు మళ్ళీ అదే వరస.

నిజానికి ఆవిడ ఆ ఇంట్లో ఉండిపోవాల్సిన పనేమీ లేదు. జబ్బుపడిన కూతురికి సాయంగా వచ్చింది. ఆ కూతురు కోలుకోలేదు. అప్పటికి మనవరాలికి ఇంకా నడకే రాలేదు. నీళ్ళాయన ఉద్యోగం అప్పట్లో రోజుకూలీ లెక్క. కూలి మనిషికి దుఃఖం ఉండదని ఏ మహానుభావుడు తేల్చాడో గానీ, చావుకు సెలవు పర్మనెంటు వాళ్ళకే ఉండేది. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. దహనం అయిన మర్నాడే ఆయన తాళం భుజాన వేసుకున్నాడు.

ఆ రోజు ఒక వీధి వాల్వు తిప్పి, పక్కనే అరుగు మీద కూర్చుని, కట్టడం మరిచిపోయాడు. ఆ వీధి చెరువైంది. అవతలి వీధికి చుక్క దక్కలేదు. రెండు వీధులవాళ్ళూ వచ్చి ఆయన్ని చెడామడా తిట్టారు. ఎందుకు మరిచిపోయావయ్యా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తడిసిపోయి ఇంటికొస్తే, అత్తగారు చిన్నపిల్లాడికి తుడిచినట్టు తువ్వాలుతో తల తుడిచింది.

"కడుపారా ఏడవనివ్వని ఉద్యోగం కూడా ఒక ఉద్యోగమేనా బాబూ," అంది. ఆ సాయంత్రమే, వెళ్ళిపోవడానికి సర్దుకున్న పెట్టె విప్పి బట్టలు మళ్ళీ అలమరలో పెట్టేసింది. ఇక ఆ పెట్టె కదల్లేదు.

ఏళ్ళు గడిచాయి. ఆయన ఉద్యోగం పర్మనెంటు అయింది. పిల్ల కాలేజీకి వచ్చింది. ఒక ఉదయం అత్తగారు నిద్రలేవలేదు. నిద్రలోనే పోయింది.

పక్కింటివాళ్ళు వచ్చి కూర్చున్నారు. చుట్టాలకు కబురు వెళ్ళింది. నీళ్ళాయన చెయ్యి అలవాటుగా తాళం కోసం కొక్కెం వైపు వెళ్ళింది. కూతురు ఆ చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, అమ్మ పోయినప్పుడు కూడా ఇట్లాగే పనికి వెళ్ళిపోయావట. అమ్మమ్మ చెప్పింది. నన్నొక్కదాన్నీ వదిలి వెళ్ళకు."

"సెలవు చెప్పి వచ్చేస్తానమ్మా," అన్నాడు గానీ, తాళం భుజాన వేసుకునే వెళ్ళాడు, సెలవు ఇస్తారన్న నమ్మకం ఆయనకే లేదు. భార్యే లేనివాడికి అత్తగారేమిటి అంటే ఏం చెప్పాలి? దారంతా అదే గుబులు.

ఆఫీసులో సెలవులు చూసే పెద్ద గుమస్తాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కామా తప్పినా కాగితం వెనక్కి కొట్టే రకం. విషయం విని, నిబంధనల పుస్తకం తీసి పైకే చదివాడు.

"దగ్గరి బంధువులు మరణిస్తే జీతంతో కూడిన సెలవు. తల్లి, తండ్రి, భార్య, పిల్లలు, తోబుట్టువులు, భార్య తల్లిదండ్రులు. ఇదిగో, ఉంది."

ఇంకొకడైతే నోరు మూసుకుని సంతకం పెట్టి వచ్చేవాడు. సొంత వీధికే నీళ్ళు కట్టేసే మనిషికి అది చేతనవుతుందా?

"భార్య ఎప్పుడో పోయింది కదండీ," అన్నాడు.

గుమస్తా కళ్ళజోడు తీశాడు. "నిన్న నీకు అన్నం పెట్టిందెవరు?"

"అత్తయ్యే."

"మరి నీ భార్య పోయిన రోజు నుంచి ఆవిడ నీకు అత్తగారు కాకుండా పోయిందా?"

నీళ్ళాయన చేతులు జోడించాడు.

"దణ్ణాలెందుకయ్యా. నా జేబులోంచి ఇస్తున్నానా? ఇది నీ హక్కు. తాళం ఇక్కడ పెట్టి ఇంటికి పో."

దయ చూపించి ఉంటే ఆయన ఒక్కసారి దణ్ణం పెట్టేవాడు. హక్కు అన్నందుకు ఆ గుమస్తాకు బతికినంతకాలం దణ్ణం పెట్టాలనిపించింది. పక్క వార్డు వాల్వులు తిప్పే పొడుగాయన అప్పటికే తాళం అందుకున్నాడు.

"నీ వీధులు నేను చూసుకుంటాలే అన్నా."

"మా వీధి మాత్రం కాస్త ముందే..."

"నాకు తెలుసులే. నువ్వు పద."

అంత్యక్రియలు అయ్యాయి. మర్నాడు పొద్దున ఇంటినిండా చుట్టాలు, కడగాల్సిన గిన్నెలు. కుళాయి వచ్చింది. రోజూ తాను కట్టేసే వేళ దాటింది, నీళ్ళు ఆగలేదు. బకెట్లు నిండాయి, డ్రమ్ము నిండింది, ఇంకా వస్తూనే ఉన్నాయి. పొడుగాయన వాల్వు కట్టలేదు. ఎందుకు కట్టలేదో నీళ్ళాయనకు తెలుసు. అయినా ప్రాణం ఒప్పక లేచి కొక్కెం వైపు చూశాడు. తాళం లేదు.

"నాన్నా, నువ్వు సెలవులో ఉన్నావు," అంది కూతురు.

ఆయన అత్తగారి సొట్టల బిందె తెచ్చి కుళాయి కింద పెట్టాడు. అది అంచు దాకా నిండి, పొర్లింది. ఆయన లోపలి గదివైపు తిరిగి, "అత్తయ్యా, బిందె నిండింది," అని కేకేశాడు.

కేకేశాక గాని గుర్తుకు రాలేదు. అప్పుడు కుళాయి దగ్గరే చతికిలబడి ఏడ్చాడు, అత్తగారి కోసం, ఎన్నో ఏళ్ళ కిందట పోయినప్పుడు తాను ఏడవలేకపోయిన భార్య కోసం. కూతురు వచ్చి భుజం మీద తల ఆనించి పక్కనే కూర్చుంది. వాళ్ళిద్దరూ అట్లా చాలాసేపు కూర్చున్నారు. ఆ రోజు ఆయన ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు.