చూరు కోసిన ధనమ్మ

1936 ఎండకాలం దాకా చిన్న మంగళారం ఊళ్లో ధనమ్మను "మారయ్య పెండ్లాం, చేతిపని మంచిది" అనేవాళ్లు. ఆ ఎండకాలం తర్వాత "వాడ కాలబెట్టింది" అన్నారు. ఆ రెండో మాట ఆమె చెవిన పడేటట్టే అనేవాళ్లు.

జరిగింది ఇది. ఒకనాడు పొద్దున ధనమ్మ జొన్నగటక వండింది. కట్టెలు వెనక్కి గుంజి, నాలుగు నీళ్లు చిలకరించి, మారయ్య వెంట చేను పనికి పోయింది. తుమ్మమొద్దు ఒకటి పైకి నల్లబడింది కానీ లోపల రగులుతూనే ఉన్నది. పట్టపగలు సుడిగాలి లేచింది. గడ్డి ఇల్లు, పొయ్యి మీద చేతికందే ఎత్తులో కప్పు. ఎవరో కేక వేసేసరికి మంట పక్కింటి మీదికి దూకింది. పన్నెండు గుడిసెల్లో పదకొండు బూడిదయ్యాయి.

మనుషులెవరూ పోలేదు. పోకపోవడానికి కారణం పక్కింటి మైసమ్మ. ధనమ్మ అత్త బీరమ్మ మంచం పట్టి ఉన్నది, లేచి నడవలేదు. మైసమ్మ పొగలోకి ఉరికి ఆ ముసలిదాన్ని చంకల కింద పట్టి బయటికి ఈడ్చుకొచ్చింది. తిరిగి చూస్తే తన పాకలో గుంజకు కట్టేసిన దూడ మంటల్లో ఉన్నది. తాడు విప్పే సమయం లేకపోయింది. ఆ దూడ అరుపు వాడంతా విన్నది.

ఆనాటి నుంచి మైసమ్మ ధనమ్మతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండునని ధనమ్మకు ఎన్నిసార్లు అనిపించిందో లెక్క లేదు.

వానలు రాకముందే వాడంతా ఒకరికొకరు సాయపడి మళ్లీ గుడిసెలు లేపారు. ధనమ్మ అందరి ఇండ్లకూ మట్టి తొక్కింది, గడ్డి మోసింది. తన ఇంట్లో మాత్రం పొయ్యి వేయనని ఒట్టు పెట్టుకున్నది. వాడకు దూరంగా బండ పక్కన మూడు రాళ్లు పెట్టి అక్కడ వండింది. వాన వస్తే గోనెపట్టా కప్పుకుని పొయ్యి ముందు కూర్చునేది. కట్టెలు తడిస్తే ఆ పూట పచ్చి మిరపకాయ, సద్దిగటక.

"అందరు లోపల్నే వండుకుంటున్నరు. నీకే ఏమొచ్చిందే?" అన్నాడు మారయ్య విసుగ్గా.

"అందరు కాలబెట్టలే. నేను కాలబెట్టిన," అన్నది ధనమ్మ.

అట్లా ఒక ఏడాది గడిచింది. అయితే చలికాలం బీరమ్మను పట్టుకున్నది. ఎముకలు కొరికే చలి, పొయ్యి లేని ఇల్లు. ముసలిదానికి ముందే దగ్గు. కుంపట్లో పిడకలు వేసి దగ్గర పెడితే పొగకు ఊపిరాడదు, తీసేస్తే వణుకు.

"బిడ్డా, నీ ఒట్టుకు నేను సస్తనే," అన్నది బీరమ్మ. ఎకసెక్కంగానే అన్నా ఆ మాట కోడలి గుండెకు తగిలింది.

చేవెళ్ల తొవ్వ మీద మిషన్ వాళ్ల చిన్న దవాఖాన ఒకటి ఉండేది. వారానికి రెండు దినాలు ధనమ్మ అక్కడ పుండ్లకు కట్టే బట్టలు ఉతికే పనికి పోయేది. అక్కడి నర్సు విమలమ్మ, నీళ్లు కాచే గదిలో మోకాలెత్తు ఇనుప పొయ్యి మీద కత్తులు, సూదులు ఉడకబెట్టేది. ధనమ్మకు మొదటి దినమే ఒక వింత కనిపించింది. గదిలో మంట ఉన్నది, పొగ లేదు.

"అక్కా, పొగ ఎటు పోతున్నది?"

విమలమ్మ నవ్వి ఆమెను బయటికి తీసుకుపోయి గోడలోంచి పైకి లేచిన గొట్టాన్ని చూపించింది. ధనమ్మ ఉతకాల్సిన బట్టలు మరిచి చాలాసేపు దాన్నే చూసింది.

1937 క్రిస్మస్ ముందు దవాఖానకు పెద్ద పొయ్యి వచ్చింది. పాతదాన్ని ధనమ్మ అడిగింది. విమలమ్మ వెంటనే సరే అనలేదు.

"ఇది పెంకుటిల్లు ధనమ్మా, మీది గడ్డి ఇల్లు. ఇనుము ఎర్రగైతది. తీస్కపోయి మూలకు పెట్టినవంటే మల్ల కాలుతది."

"ఎట్ల పెడితె కాలదో చెప్పు. నువ్వు చెప్పిందాంట్ల ఒక్కటి గూడ తప్పనియ్య."

విమలమ్మ చేతితో కొలిచి చూపించింది. పొయ్యి కింద మట్టి చాలదు, బండ ఉండాలి. నిప్పులు జారిపడే ముందు భాగంలో ఆ బండ ఇంకో మూరెడు బయటికి రావాలి. ఇనుముకూ, కట్టెకూ గడ్డికీ మధ్య ఎటు కొలిచినా రెండు మూరలు ఖాళీ ఉండాలి. గొట్టాన్ని కప్పులోంచి తీయనే తీయొద్దు, మట్టిగోడలోంచే తీయాలి. బయట అది ఇంటి కొప్పు కంటే పైకి లేవాలి, లేకుంటే రవ్వలు కప్పు మీదే రాలుతాయి.

"మరి గోడ బయట చూరు కిందికి వంగి ఉంటది గదా అక్కా? గొట్టం దానికి తగులుతది."

విమలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ సంగతి నాకు తెల్వది. నువ్వే చూస్కోవాలె," అన్నది.

పొయ్యిని బండి మీద వేసుకుని వస్తుంటే వాడ మొగదల బండిని ఆపేశారు. ముందు నిలబడ్డది వాడ పెద్దమనిషి బాలమల్లు.

"ఒక్కపారి కాలబెట్టినవ్, సాలదా? ఇప్పుడు ఇనుపది తెచ్చినవా?"

ధనమ్మ బండి దిగింది.

"మామా, దీన్ని పట్టపగలు, మీ అందరి ముంగట ముట్టిస్త. చుట్టూ పన్నెండు కుండల నీళ్లు పెడ్త. పొద్దుందాక మండిస్త. కప్పు మీద ఎక్కడన్న చెయ్యి పెడితె జర వెచ్చగ తగిలినా నేనే పగలగొట్టి చెరువుల పారేస్త."

వెనక నుంచి మైసమ్మ ముందుకు వచ్చింది. ఏడాదిన్నర తర్వాత ధనమ్మ ముందు ఆమె నోరు విప్పి అన్న మొదటి మాట కూడా ధనమ్మతో కాదు.

"పెట్టనియ్యి మామా. ముట్టించేనాడు చెయ్యి పెట్టి చూసేది నేను."

పని రెండు నెలలు పట్టింది. చూరు సంగతి ధనమ్మను చాలా రోజులు తిప్పలు పెట్టింది. గొట్టాన్ని వంచి చూరు దాటిద్దామంటే వంపులో మసి పేరుకుంటుంది. చివరికి ఒక పొద్దున ఆమె కొడవలి తీసుకుని నిచ్చెన ఎక్కింది. గొట్టం వచ్చే చోట చూరును, దాని పైన కప్పును కొప్పు దాకా, నాలుగు మూరల వెడల్పున కోసి కింద పడేయడం మొదలుపెట్టింది.

మారయ్య ఉరికి వచ్చాడు. "పిచ్చి లేసిందానే? మొన్న కప్పిన కప్పు!"

"గడ్డి ఉన్నకాడ గొట్టం ఉండొద్దు. గొట్టం జరుగదు, గడ్డే జరగాలె. ఈడ పెంకలేస్త."

మారయ్య తల పట్టుకున్నాడు. కానీ ఆమె గడ్డి కోసిన చోట వాసాలు తీసి, పెంక మోయడానికి రాతి స్తంభాలు నిలిపింది అతనే. పెంక కప్పిందీ అతనే. బయట గోడకు ఆనించి రాయీ మట్టీ కలిపి కొప్పు కంటే ఎత్తుగా దిమ్మె కట్టింది కూడా అతనే. ఆ దిమ్మె లోపల పొగ పోవడానికి మట్టి గొట్టాలు కావాలి. ధనమ్మ కుమ్మరి ఈశ్వరయ్య దగ్గరికి పోయింది.

"అడుగు లేని కుండలు చెయ్యాలె అన్నా. ఒకదాని మూతి ఇంకోదాంట్ల దూరాలె."

"అడుగు లేని కుండ ఏం జేస్తవమ్మా, నీళ్లు పోస్తవా?" అని ఈశ్వరయ్య పకపకా నవ్వాడు. అయినా తొమ్మిది చేసి, రెండు కుండలు కాల్చే ఆవంలో పగిలితే మరో రెండు చేసి ఇచ్చాడు. పైన రవ్వలు ఆపడానికి కమ్మరి హన్మయ్య రేకుకు సన్నటి రంధ్రాలు కొట్టి టోపీలాగా చేశాడు. షాబాద్ బండను ధనమ్మ తలమీదే తెచ్చుకున్నది. దిమ్మె అడుగున మసి తీయడానికి ఒక రాయి వదులుగా పెట్టించింది. ఈ ఆలోచన ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ముట్టించే దినం వాడంతా వచ్చి నిలబడ్డది. పన్నెండు కుండలు వరుసగా ఉన్నాయి. ధనమ్మ ప్రార్థన చేసుకుని, ఎండు చిదుగులు పెట్టి నిప్పు అంటించింది. రెండు నిమిషాలు బాగానే ఉన్నది. తర్వాత పొయ్యి నోటి నుంచి నల్లటి పొగ బుసబుసా ఇంట్లోకి తన్నుకొచ్చింది. బీరమ్మను మంచంతో సహా బయటికి మోశారు. జనం కేకలు వేశారు. ఒకడు కుండ ఎత్తాడు.

"నీళ్లు పోయొద్దు! ఇనుము పగులుతది!" అని అరిచి ధనమ్మ ఇసుక తెచ్చి పొయ్యిలో పోసింది. మంట ఆరింది. ఆమె ముఖమంతా మసి, కళ్ల నుంచి నీళ్లు.

"ఇగ చాలు బిడ్డా," అన్నాడు బాలమల్లు, ఈసారి మెత్తగానే. "నీతోటి కాదు."

"పొగ వచ్చింది మామా, మంట రాలే. పొగ ఎందుకొచ్చిందో చూస్త."

పొయ్యి చల్లారేదాకా ఆమె దాని ముందే కూర్చున్నది. తర్వాత గొట్టాన్ని పొయ్యి నుంచి ఊడదీసి, చెంబుతో దాంట్లో కొద్దిగా నీళ్లు పోసింది. నీళ్లు పొయ్యి వైపు రాకుండా గోడ వైపు పారాయి. అంటే గొట్టం గోడలోకి పోయేటప్పుడు పైకి కాకుండా కిందికి వాలి ఉన్నది. గోడకు కన్నం తక్కువ ఎత్తులో కొట్టింది తనే. పొగ పైకి పోతుంది కానీ దిగదు కదా!

ఆ సాయంత్రమే గడ్డపార తీసుకున్నది. గోడను జానెడు పైన మళ్లీ తొలిచి, పాత కన్నం పూడ్చి, గొట్టం చుట్టూ మట్టి మెత్తి నాలుగు రోజులు ఆరనిచ్చింది.

రెండోసారి వచ్చిన జనం సగం మందే. మంట అంటుకున్నది. పొయ్యి లోపల సుయ్‌మని గాలి గుంజే చప్పుడు. ఎవరో బయటి నుంచి, "వస్తున్నది! మీదికెల్లి వస్తున్నది!" అని అరిచారు. హన్మయ్య చేసిన రేకు టోపీ కింది నుంచి తెల్లటి పొగ లేచి గాలికి పోయింది.

పొద్దున ముట్టించిన మంట పొద్దు వాలేదాకా మండింది. మైసమ్మ ఎన్నిసార్లు నిచ్చెన ఎక్కిందో! పెంక మీద చెయ్యి పెట్టింది, కోసిన అంచు దగ్గర గడ్డిలో వేళ్లు దూర్చింది, దిమ్మెను అరచేత్తో తడిమింది. చివరిసారి దిగి బాలమల్లు వైపు చూసి, "సల్లగున్నది," అన్నది.

జనం పోయాక కూడా ఆమె పోలేదు. గడపలో కూర్చున్నది. ధనమ్మ గిన్నెలో గటక పోసి ఇస్తే తీసుకున్నది కానీ తినలేదు.

"ఆ దూడ కండ్లు నాకు ఇంకా కనవడ్తయే," అన్నది.

"చూడకున్నా నాక్కూడ కనవడ్తయ్ అక్కా."

కొంతసేపయ్యాక మైసమ్మ గటక తిన్నది.

బీరమ్మ దగ్గు తగ్గింది కానీ పోలేదు. మరో నాలుగు చలికాలాలు ఆ వెచ్చని గదిలో కోడలి మీద ఎకసెక్కాలాడుతూ బతికి 1942లో కన్నుమూసింది.

ఇనుప పొయ్యి అందరికీ ఎక్కడ దొరుకుతుంది? రెండో ఏడాది మైసమ్మ అడిగితే ధనమ్మ మట్టి పొయ్యి వేసి, దానికే ఈశ్వరయ్య గొట్టాలు, బయట దిమ్మె కలిపింది. అదీ పొగను బయటికి గుంజింది. తర్వాత ఒకటొకటిగా వాడలో ఏడు ఇండ్లకు వేసింది. ఏటా ఎండలు ముదరకముందు ఇల్లిల్లూ తిరిగి దిమ్మె అడుగు రాయి తీసి మసి ఊడ్చేది. ఎవరైనా బద్ధకిస్తే గొంతు పెంచేది. వేడి బూడిదను చీపురుతో తట్టలోకి ఎత్తినందుకు ఒక కొత్త కోడల్ని నలుగురిలో దులిపేసింది. మూత ఉన్న కుండలోనే ఎత్తాలి, ఒక దినం ఆగి పారబోయాలి.

పేరు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. 1945లో మోకిల నుంచి మల్లప్ప అనే కలిగిన రైతు బండి పంపి పిలిపించుకున్నాడు. కొత్త ఇల్లు, దిట్టంగా కప్పిన గడ్డి. ధనమ్మ చుట్టూ తిరిగి కొలిచి, "ఈడ చూరు కొయ్యాలె," అన్నది.

"ముచ్చటపడి కప్పించిన. కొయ్యనియ్య. కప్పులకెల్లే గొట్టం తియ్యి. ఏమైతే నేను చూసుకుంట."

"నువ్వు చూసుకోలేవు బాపు. గాలి చూసుకుంటది."

"నేను చెప్పిన పని చెయ్యనీకె వచ్చినవా, నాకే చెప్పనీకె వచ్చినవా?"

ధనమ్మ కొలతతాడు చుట్టి నడుముకు దోపుకున్నది. ఇస్తానన్న జొన్నల మూట ముట్టుకోలేదు. బండి అడగలేదు. ఎండలో ఊరిదాకా నడిచి వచ్చింది.

ఎనిమిదో నాడు పొద్దున మల్లప్ప తానే బండి తోలుకుని చిన్న మంగళారం వచ్చాడు. దిగకుండానే, "కోసిన. వచ్చి చూస్కో," అన్నాడు.

"ఎన్ని మూరలు కోసినవ్?" అన్నది ధనమ్మ.

"మూడు."

"నాలుగు కావాలె," అని ఆమె కొడవలి తీసుకుని బండెక్కింది.