గుంజి చూసే చందూలాల్

చందూలాల్ అన్న దేన్నయినా గుంజి చూడందే నమ్మడు. కుర్చీ వేస్తే ముందు దాని కాళ్లు గుంజుతాడు, ఆ తర్వాతే కూర్చుంటాడు. పెళ్లిచూపులకు పోయినప్పుడు పిల్లకంటే ముందు వాళ్ల గుడిసెను నడుమ మోసే నిట్టాడును గుంజి చూశాడట. "అది ఊగలేదంట. గందుకే సంబంధం ఖాయం జేసిండు" అని కమ్లి వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

ఇల్లందు బస్సులో ఒకసారి సీటు కడ్డీ గుంజితే ఊడి చేతికొచ్చింది.

"ఏందయ్యా, బస్సు ఇప్పుకొని పోతవా?" అని కండక్టర్ ఎగిరాడు.

"ఊడేదాన్ని పట్టుకొని కూసోమంటవా?" అని అన్న ఆ కడ్డీని ఆయన చేతిలోనే పెట్టాడు.

పటాలంలో బండలెక్కడం నేర్చుకొచ్చిన అన్న, ఎనభైల్లో సారపాక కాగితం మిల్లుకు వెదురు లారీ నడిపేవాడు. సెలవు దొరికితే కారేపల్లి అవతలి గుట్టకు నన్ను లాక్కుపోయేవాడు. ఆ నల్లరాతి గుట్టకు కిందినుంచి పైదాకా ఒకటే పగులు, ఒక తాడు పొడవు. పిడికిలి అందులో దూర్చి బిగించాలి, పాదం అడ్డంగా ఇరికించాలి, లేవాలి. లారీ షెడ్డులో పారేసిన నట్లకు తాడుముక్కలు కట్టి, మధ్యమధ్య పగులులో ఇరికించి, నడుము తాడును కొక్కెంతో వాటికి తగిలించాలి. జారితే ఆ నట్టే దిక్కు. వెనక ఎక్కేవాడు వాటిని ఊడదీసుకుంటూ రావాలి. బండకు మేకు కొట్టడం అన్న లెక్కలో పాపం.

ఆ వెనక ఎక్కేవాణ్ని నేనే. అన్న జానెడుకో నట్టు పెట్టేవాడు, గుంజేవాడు, మళ్లీ గుంజేవాడు. కింద తాడు పట్టుకున్న నాకు మెడ పట్టేసేది.

"అన్నా, బండ ఎక్కుతున్నవా, బండకు దండ గుచ్చుతున్నవా?"

"తాడు జూడు తమ్మీ. నోరు తర్వాత."

ఈ పిరికితనానికి వైద్యం చేద్దామని, ఒక రోజు అతని నట్లలో సగానికి పైగా తీసి మా ఇంట్లో బియ్యం డబ్బాలో దాచేశాను. గుట్ట కింద అన్న మిగిలినవి చేత్తో ఎత్తి చూశాడు. నా మొహం చూశాడు.

"మీ ఇంట్ల ఎలుకలు ఇనుము గూడ తింటున్నయా?" అని ఎక్కడం మొదలుపెట్టాడు.

సగం పైన పగులు కుడికి తిరుగుతుంది. అక్కడ పాదానికి పట్టు లేదు. ఎప్పుడూ ఆ మలుపుకు ముందు ఆగి నట్లు పెట్టే మనిషి, ఆ రోజు ఒక్కటీ పెట్టకుండా దాటుతున్నాడు. జారితే చాలా కిందికి పోవాలి.

"అన్నా, నట్టు పెట్టు!" అని అరిచాను.

"ఉన్నయే కొన్ని. జర ఊకో."

దాటాడు. కష్టమంతా అయిపోయిన చోట తాపీగా ఆగి, మిగిలినవన్నీ దగ్గరదగ్గరగా పెట్టాడు. గుంజాడు, మళ్లీ గుంజాడు. దాటాక భయపడేవాణ్ని అప్పుడే చూశాను, నవ్వొచ్చింది.

పైకి చేరి తాడు లాగి, "ఇగ రా" అన్నాడు. మలుపు దగ్గర నా పిడికిలి జారింది. తాడు నన్ను కుడికి విసిరింది. ఎదురుగా రాతి అంచు గొడ్డలిలా పొడుచుకొచ్చి ఉంది. కళ్లు మూసుకున్నాను. ఒక్క కుదుపుతో ఆగిపోయాను. తెరిచి చూస్తే అంచు ముక్కుకు బెత్తెడు దూరంలో ఉంది. అన్న మలుపు దాటాక పెట్టిన మొదటి నట్టు నన్ను పట్టుకొని ఉంది. అదే లేకుంటే తాడు ఆ దగ్గరి నట్టు నుంచి కాక కుడిపక్క పైనుంచే వేలాడేది, దూరంగా ఊగి ఆ అంచుకే కొట్టుకునేవాణ్ని.

పైకి చేరి, ఊపిరి కుదిరాక అడిగాను.

"దాటినంక పెట్టిన నట్లు నీకేం పనికొస్తయన్నా? ముందుగాల నీకోసం పెట్టుకోవద్దా?"

అన్న తాడు చుట్టుకుంటూ నావైపు చూడకుండానే అన్నాడు.

"నీ తలకాయ తగిలి బండకు ఇంకో పగులు వడితే, అదెవడు ఎక్కాలెరా?"