చిట్టికి పూనకం వచ్చిందన్న రోజు

చాలా ఏళ్ళ క్రితం అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో జరిగిన ఒక సంగతి మా బంధువర్గంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 'చిట్టికి పూనకం వచ్చిన రోజు' అని దానికి పేరు కూడా స్థిరపడిపోయింది. ఎక్కువసార్లు చెప్పింది నేనే. గృహప్రవేశాల్లో చెప్పాను, పుట్టినరోజుల్లో చెప్పాను, ఒకసారి విమానాశ్రయంలో సామాను కోసం నిలబడి కూడా చెప్పాను. అభినయంతో చెబుతాను. ఎక్కడ ఆగితే జనం నవ్వుతారో నాకు బాగా తెలుసు. అయితే చెప్పిన ప్రతిసారీ అందులోంచి ఒక చిన్న వాక్యం మింగేస్తూ వచ్చాను. ఆ వాక్యం గనక ఉంటే కథలో నవ్వులపాలు కావాల్సింది చిట్టి కాదు, నేను. ఈసారి దాన్ని దాని చోట పెట్టి చెబుతాను.

అప్పుడు నాకు పాతికేళ్ళు. ఎమ్మెస్ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరి, అక్కా బావల ఇంట్లో, బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. (అక్క అంటే మా పెదనాన్న కూతురు. 'అపార్ట్‌మెంట్ చూసుకునేదాకా ఉండరా' అంది. నేను చాలా నెమ్మదిగా చూసుకున్నాను.) చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, హైస్కూల్ ఆఖరి సంవత్సరంలో ఉంది. నన్ను 'మామా' అని పిలిచేది గాని, ఆ పిలుపులో మర్యాద కన్నా జాలి ఎక్కువగా ఉండేది. ఆ పిల్ల ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక బ్యాండ్ పెట్టింది. గిటార్ వాయించేవాడు గుమ్మం తగిలేంత పొడుగు. అక్క వాణ్ణి 'పొడుగు' అనే పిలిచేది, వాడూ పలికేవాడు. డ్రమ్స్ వాయించే అబ్బాయి బూట్లు విప్పి వరుసగా పెట్టి, ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా లోపలికి వచ్చేవాడు. వాడికి నేను 'మౌని' అని పేరు పెట్టాను. బ్యాండ్ పేరు 'క్రౌన్ ఫర్ ద వాస్ప్స్'. అంటే ఏమిటని బావ అడిగితే, కందిరీగలకు కిరీటమని చెప్పాను. "వాటికెందుకురా?" అన్నాడాయన.

వాళ్ళు వాయించేదాన్ని మెటల్‌కోర్ అంటారు. తెలియనివారి కోసం చెబుతున్నాను: గిటార్లు పళ్ళు నూరుతున్నట్టుంటాయి, డ్రమ్స్ మెట్ల మీంచి బీరువా దొర్లినట్టుంటాయి, పాడేవాళ్ళు పాడరు, కడుపులోంచి అరుస్తారు. పాట మధ్యలో వేగమంతా ఒక్కసారిగా తగ్గి, అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు బరువుగా దిగే ఘట్టం ఒకటుంటుంది. దాన్ని బ్రేక్‌డౌన్ అంటారు. ఆ బ్రేక్‌డౌన్ ఎప్పుడు వచ్చినా సరిగ్గా నా ఆఫీసు ఫోన్ మీటింగులోనే వచ్చేది. వాళ్ళు సాధన చేసే గరాజ్‌కీ నా గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. "మీ ఇంటి దగ్గర ఏదైనా కూలగొడుతున్నారా?" అని క్లయింటు ఒకాయన చాలా ఆందోళనగా అడిగాడు. అవునన్నాను. ఎనిమిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్ల ఇలా అరవడమేమిటని నాకు ఒళ్ళు మండేది. "గొంతు పోతుందే" అంటే, "ఇట్స్ నాట్ త్రోట్, మామా. డయాఫ్రమ్. యూ షుడ్ ట్రై. నీకు చాలా యాంగర్ ఉంది" అనేది. అక్క మాత్రం డయాఫ్రమ్‌ను నమ్మక రోజూ మిరియాల పాలు ఇచ్చేది. వాటిని ముగ్గురూ తాగేవాళ్ళు.

విసుక్కుంటూనే గమనించాను, ఆ పిల్లలకు పేరు వస్తోంది. అగ్నిమాపక కేంద్రాలు అద్దెకిచ్చే హాళ్ళలో, చర్చీల కింది గదుల్లో వాయిస్తే ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వచ్చి, పాటల్లో మాటలు కూడా కలిపి అరుస్తున్నారు. ఆ వసంతంలో వాళ్ళ మొదటి సీడీ తయారైంది. ఐదు పాటలు. గరాజ్‌లోనే రికార్డు చేసుకుని, ఇంట్లోనే కాపీలు తీసుకున్నారు. భోజనాల బల్ల దగ్గర అక్క సీరియల్ చూస్తూ అన్నిటికీ స్టిక్కర్లు అంటించింది. సీడీ విన్న పెద్ద బ్యాండ్ ఒకటి, వేసవిలో మాతో వ్యాన్‌లో రండి, ఊరూరా మా ముందు వాయించండి అని పిలిచింది. చిట్టికి అంతకన్నా కావలసింది లేదు. కాలేజీకి వెళ్ళే ముందు ఆ ఒక్క వేసవీ అడిగింది.

బావ వెంటనే కాదనలేదు. ఆయనకు ఒకే ఒక్క పట్టింపు, అబద్ధం చెప్పకూడదు. డాక్టరు "వ్యాయామం చేస్తున్నారా?" అని అడిగితే "లేదండీ" అని చెప్పిన తెలుగువాణ్ణి నేను ఆయన్ని తప్ప ఇంకొకర్ని చూడలేదు. బాగా ఆలోచించి అన్నాడు: "నువ్వు పాడేదేమిటో నాకు తెలియదు. మనవాళ్ళ ముందు ఒక్కసారి పాడు, నేనూ కూర్చుని వింటాను. దాచకుండా చేసే పనైతే పంపిస్తాను." ఆ రాత్రి చిట్టి ఒక్కతే నా గదిలోకి దిగి వచ్చింది. నేను అప్పుడు మా తెలుగు సంఘంలో వాలంటీర్ని. (కుర్చీలు మోసేవాణ్ణి. ఇంట్లో మాత్రం 'కల్చరల్ కమిటీ' అని చెప్పుకునేవాణ్ణి.) "మామా, ఉగాదికి మాకు స్లాట్ ఇప్పిస్తావా?" అంది. జీవితంలో మొదటిసారి ఆ పిల్ల నన్ను జాలి లేకుండా అడిగింది. "అదెంత పని!" అన్నాను.

ఎంత పనో ఫోన్ చేశాక తెలిసింది. స్లాట్లు ఇచ్చేది మైకు బాబాయి. సంఘంలో ఏ సభ జరిగినా చేతికొచ్చిన మైకును తిరిగి ఇవ్వడాయన.

"ఏం పాటలోయ్ అవి? సినిమావా?"

"కాదండీ, పిల్లలు సొంతంగా రాసుకున్నవి."

"సొంతవా! అయితే కుదరదు. డాన్సులకే టైము చాలక చస్తున్నాను. డాన్సు తీసేస్తే తల్లులు నన్ను తీసేస్తారు."

"ఫ్యూజన్ అండీ."

"ఫ్యూజన్ అంటే? క్లాసికలా? భక్తా?"

ఆ రెండూ కాదని చెప్పడానికి నోరు తెరిచాను. "భక్తేనండీ" అని వచ్చింది. నేను ఇన్నేళ్ళూ మింగేసిన వాక్యం అదే.

"ఆ ముక్క ముందే చెప్పవేం? దీపం వెలిగించగానే మొదటి ఐటెమ్ మనదే. సీడీ కూడా స్టేజీ మీదే రిలీజ్ చేద్దాం, ఆడియో ఫంక్షన్‌లాగా!" అన్నాడాయన. ఒకసారి వాయించడం మొదలైతే ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. చిట్టికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు.

అద్దెకు తీసుకున్న హైస్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. ఉగాది పచ్చడి బుల్లి ప్లాస్టిక్ కప్పుల్లో పంచారు. మౌని రెండు కప్పులు తిని, నేను ఎరిగి మొదటిసారి నోరు విప్పాడు: "ఇట్స్ కాంప్లికేటెడ్." తర్వాత మైకు బాబాయి ముఖ్య అతిథిని పిలిచాడు. ఆయనొక దంతవైద్యుడు. రంగు కాగితంలో చుట్టిన సీడీని విప్పి, తలకిందులుగా పట్టుకుని ఫోటోలు దిగి, అట్ట మీది బొమ్మను చూసి "తేనెటీగా?" అని నన్ను మెల్లగా అడిగి, నేటి యువత సంస్కారం గురించి అరగంట మాట్లాడాడు. ముగ్గురు పిల్లలకూ శాలువాలు కప్పారు. విప్పడం తప్పేమోనని మౌని శాలువాతోనే డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. "భక్తిరస ప్రధానమైన స్వీయ గీతాలతో మనల్ని తరింపజేయడానికి విచ్చేసిన 'కిరీటం' బృందం!" అని మైకు బాబాయి గర్జించాడు. (కందిరీగల్ని ఆయనే తీసేశాడు.) ఆ తెలుగు చిట్టికి ఒక్క ముక్క అర్థం కాలేదు, నవ్వుతూ నమస్కారం పెట్టింది. రెండో వరసలో పట్టు కుర్తా వేసుకుని కెమెరా పట్టుకున్న బావకు అంతా అర్థమైంది. కెమెరా కాస్త దించి అక్క వైపు చూశాడు.

గిటార్ మొదలైంది. హాల్లోని చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. చిట్టి జడ విప్పి, జుట్టు విరబోసుకుని, తల గిరగిరా తిప్పుతూ కడుపులోంచి ఒక్క కేక పెట్టింది. హాలంతా బిగుసుకుపోయింది. అప్పుడు మొదటి వరసలోంచి, అందరూ తెనాలి మామ్మగారనే పెద్దావిడ లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "అమ్మ వచ్చిందర్రా!" అన్నారు.

ఇక చూడండి. భక్తి పాటలన్నారు, జుట్టు విరబోసింది, తల ఊగుతోంది, గొంతు మారిపోయింది. పాపం వాళ్ళు మాత్రం ఇంకేమనుకుంటారు? దీపం దగ్గరి పళ్ళెంలోంచి పసుపూ కుంకుమా వచ్చాయి. ఎవరో హారతి వెలిగించారు. పచ్చడిలో వేయగా మిగిలిన వేపపువ్వు చల్లారు. ఒక ఆంటీ పొడుగును వంచి మరీ బొట్టు పెట్టింది. మైకు బాబాయి "అమ్మవారు శాంతించాలి! ఎవరి దగ్గరైనా కొబ్బరికాయ ఉందా?" అని అడుగుతున్నాడు. అది హెచ్‌వన్ వీసాల లాటరీ కాలం. ఒక పెద్దాయన స్టేజీ అంచు పట్టుకుని "తల్లీ, మా అబ్బాయికి ఈసారైనా లాటరీలో వస్తుందా?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడే బ్రేక్‌డౌన్ వచ్చింది. ఆ పాటలో ఆ చోట 'నో' అనే మాట తప్ప ఇంకేమీ ఉండదు. చిట్టి ఆయన మొహంలో మొహం పెట్టి, బరువుగా, మళ్ళీ మళ్ళీ అదే అరిచింది. పాపం ఆయన మెట్ల మీదే కూలబడ్డాడు. (దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నేనూ అడుగుదామనుకున్నాను. ఆ జవాబు విన్నాక మానేశాను.)

ఈ కథ నేను ఎప్పుడూ అక్కడే ఆపేవాణ్ణి. నవ్వులు అక్కడే బాగా వస్తాయి.

స్టేజీ దిగినప్పుడు పిల్లలు ముగ్గురూ గాల్లో తేలుతున్నారు. ముందు వరసలన్నీ లేచి స్టేజీ దగ్గరికి రావడం వాళ్ళకు ఇంతకు ముందెప్పుడూ జరగలేదు. "బెస్ట్ క్రౌడ్ ఎవర్!" అన్నాడు పొడుగు, నుదుటి మీద కుంకుమతో. భోజనాల దగ్గర బావ మైకు బాబాయిని ఆపి, భక్తి పాటలని ఎవరు చెప్పారని అడిగాడు. "మీ ఇంట్లోంచే కదండీ ఫోనొచ్చింది!" అని ఆయన మైకు వైపు పరిగెత్తాడు. బావ మా దగ్గరికి వచ్చాడు. అరవలేదు. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

"చిట్టీ, భక్తి పాటలని చెప్పి స్టేజీ ఎక్కావా?"

"భక్తి? నో. నేను అట్ల చెప్పలేదు, డాడీ."

"అమ్మవారని వాళ్ళు దండాలు పెడుతుంటే ఆపకుండా ఆడావు. ఇప్పుడు చెప్పలేదంటున్నావు. విన్నావట్రా?" అన్నాడు నా వైపు తిరిగి, సాక్షిని అడిగినట్టు.

నా చేతిలో పులిహోర పళ్ళెం ఉంది. అందులో జీడిపప్పు వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాను. బేస్‌మెంట్ గుర్తొచ్చింది. 'ఉన్నదే చెప్పు' అని నన్ను ఉద్యోగం ఇంటర్వ్యూకి పంపిన బావ మొహం గుర్తొచ్చింది. రేపు నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను.

"ఐ డిడింట్ లై, డాడీ" అంది చిట్టి. ఆ మాటే నా వైపు చూసి మళ్ళీ అంది. మూడోసారి అనలేదు.

"ఆ వ్యాన్ ఎక్కడం లేదు. అంతే" అన్నాడు బావ.

రేపు నెమ్మదిగా చెప్పడమన్నది జరగలేదు. చాలా వారాల పాటు శుక్రవారం వస్తే ఎవరో ఒకరు పళ్ళూ పూలూ పట్టుకుని వచ్చి, అమ్మ ఎప్పుడు వస్తుందని అడిగేవాళ్ళు. బావ సిగ్గుతో తలుపు తీసేవాడు కాదు, సంఘానికీ వెళ్ళడం మానేశాడు. జూన్‌లో వ్యాను వచ్చింది. నా కిటికీ నేలమట్టంగా ఉండేది. చక్రాలు, మౌని బూట్లు, చిట్టి వట్టి పాదాలు కనబడ్డాయి. పాదాలు చాలాసేపు కదల్లేదు. తర్వాత చక్రాలు కదిలాయి. చిట్టి బదులు పొడుగు అరిచాడట. శరదృతువు నాటికి బ్యాండ్ లేదు. చిట్టి కాలేజీకి వెళ్ళింది, లాయరైంది, పెళ్ళి చేసుకుంది. తండ్రితో అన్నీ మాట్లాడేది, పాటల గురించి తప్ప. నేను మాత్రం కథ చెప్పడం మొదలుపెట్టాను.

మొన్న వేసవిలో బావ రిటైరైన సందర్భంగా అందరం ఆ ఇంట్లోనే కలిశాం. భోజనాలయ్యాక ఎవరో పిల్లలు అడిగారు, చిట్టి అత్తకి పూనకం వచ్చిందట కదా అని. "వాణ్ణి అడగండి, వాడైతే బాగా చెబుతాడు" అన్నాడు బావ. చిట్టి నవ్వుతూ కూర్చుంది. ఆ నవ్వు నేను ఇన్నేళ్ళూ చూసిందే. అది ఓర్పు అని ఆ రోజే తెలిసింది. మొదలుపెట్టాను. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి మైకు బాబాయి గొంతు చేసి "క్లాసికలా? భక్తా?" అన్నాను. తర్వాత నా గొంతుతో "భక్తేనండీ" అన్నాను. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు.

"ఎవరన్నారది?" అన్నాడు బావ.

"నేనే బావా. ఫోన్ చేసింది నేను. చిట్టికి తెలియదు. అది అబద్ధం చెప్పలేదు."

బావ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పాట నాకు అర్థం కాలేదురా" అన్నాడు చివరికి. "కానీ దాని ధైర్యం చూసి, పంపిద్దామనే అనుకున్నాను. స్టేజీ దిగేదాకా అదే అనుకున్నాను. అబద్ధమాడిందనే ఆపాను." ఆ మాటలు నాతో అన్నా, చూపు కూతురి మీదే ఉంది. చిట్టి చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

నా జుట్టు సగం తెల్లబడింది. పులిహోర పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే తన్నాలనీ ఉంటుంది, కాస్త నవ్వూ వస్తుంది. రేపు చెబుదామని ఎంత గట్టిగా నమ్మాడో వెర్రివాడు. వెళ్ళి చిట్టి ఎదురుగా కూర్చున్నాను. అభినయమేమీ చేయలేదు.

"ఆ రోజు నీ పక్కనే నిలబడి నోరు మూసుకున్నానమ్మా. నీ వేసవిని నేనే పోగొట్టాను, ఆ తర్వాత దాన్నే నలుగురినీ నవ్వించడానికి వాడుకున్నాను. తప్పు నాది. నన్ను క్షమించు, చిట్టీ."