దిగినోళ్ళెందరు, ఎక్కినోళ్ళెందరు

మూడు రోజుల ముసురు సోమవారం పొద్దున తెరిపిచ్చింది. నేల పదునుగా ఉందని పత్తికి యూరియా పెడుతున్నాను. బకెట్టు పట్టుకొని, మొక్క పక్కన కర్రతో చిన్న గుంత చేసి, చిటికెడు వేసి, కాలితో మట్టి కప్పుతూ పోవాలి. ఏడు దాటాక ఫోను మోగింది. నాకు ఆఫీసులో పని నేర్పిన మేడం వాళ్ళ తమ్ముడు.

"అన్నా, అక్క పోయింది. పొద్దుగాల ఆరుంబావుకు. గుండె ఆగిందన్నరు."

"నేనొస్తున్న," అన్నాను. సాలు సగం మిగిలి ఉంది. అది పూర్తి చేసి, చేతులు కడుక్కొని, హుజూరాబాద్ వెళ్ళి బస్సెక్కాను.

కరీంనగర్ దాటాక ఫోనులో మా పాత ఆఫీసు గ్రూపు తెరిచాను. ఆఫీసు ఓనర్ అందులో మేడం ఫొటో పెట్టాడు. పక్కన మట్టి ప్రమిద బొమ్మ. "మా సంస్థ కుటుంబంలో ఒక దీపం ఆరిపోయింది" అని రాశాడు. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది ఆయనే. తీసేశాక జరిగిన తప్పును ఆమె మీద రాసిచ్చింది కూడా ఆయనే. ఆ ప్రమిద బొమ్మ చూస్తే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా తగ్గలేదు. పోయినవాళ్ళ గురించి మంచి మాటలు రాయడం మర్యాద. మేడం గురించి మంచే రాస్తాను. మిగతావాళ్ళ గురించి, నా గురించి కూడా, ఆ హామీ ఇవ్వలేను.

మేడం శ్రీరాంపూర్ గని కాలనీలో పెరిగారు. వాళ్ళ బాపు గని ల్యాంపు రూములో పనిచేశారు. కరీంనగర్‌లో పదిమంది పనిచేసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె మాకు పని నేర్పారు. ఒక ఆఫీసు కంప్యూటరు పంపే సందేశం ఇంకో ఆఫీసు కంప్యూటరుకు అర్థం కాదు. మధ్యలో దాన్ని విప్పి, కావలసిన ముక్కలు ఏరి, రెండోదానికి అర్థమయ్యే రూపంలో పేర్చి పంపాలి. మా పని అది. సందేశం అరలో అర, ఆ అరలో ఇంకో అరగా ఉంటుంది. కావలసిన ముక్క దగ్గరికి దారి చెప్పే వాక్యాన్ని ఎక్స్‌పాత్ అంటారు. నేను డిగ్రీలో దాని గురించి చదివింది ఒక పేజీ. మేడం దగ్గర తొమ్మిది నెలలు నేర్చుకున్నాను.

మొదటి రోజే నన్ను లేపి అడిగారు. "శ్రీరాంపూర్ల మా ఇంటికి ఎట్ల వస్తవ్ తమ్మీ?"

"మీరే చెప్పిండ్రు గదా మేడం. మూడో లైను, రెండో ఇల్లు."

"రేపు ఎవడో మా ముందట రేకుల ఇల్లు ఏసుకుంటడు. అప్పుడు నువ్వు పక్కింట్ల కూసొని చాయ్ తాగి, మేడం గింత మారిపోయిందేందని పరేషాన్ అయితవ్."

అందరూ నవ్వారు. "మరెట్ల చెప్పాలె?" అన్నాను.

"వాకిట్ల నీలం డ్రమ్ము ఉన్న ఇల్లు అని చెప్పు. ఎన్నోదైతేంది? గుర్తు చెప్పు."

తర్వాత ఆ డ్రమ్ము ఇంటి నుంచి మమ్మల్ని కాలనీ అంతా తిప్పారు. డ్రమ్ము ఉన్న ఇంటి తర్వాతి ఇల్లు. డ్రమ్ము ఉన్న ఇల్లు ఏ లైనులో ఉందో ఆ లైనంతా. ఆ లైనులో డ్రమ్ము లేని ఇళ్ళు మాత్రమే. కాగితం మీద ఇళ్ళు గీస్తూ, షుగర్ లేని చాయ్‌ని తిట్టుకుంటూ తాగుతూ, రెండు మూడు వరసల పొడుగు వాక్యాలు కూడా అలాగే నేర్పారు. కాగితం మీద దారి చెప్పలేనివాడిని కీబోర్డు ముట్టనిచ్చేవారు కాదు.

ఆమెకు ఒక్కదానికే భయం. "దారి తప్పు చెప్తే గిది తప్పని చెప్పదు తమ్మీ. దొరకలేదని గూడ అనదు. సప్పుడు జెయ్యకుంట ఉత్త చేతులతోని వస్తది. నువ్వేమో పనైందనుకుంటవ్."

అందుకే తాను రాసిన ప్రతి ఫైలు చివర ఒక లైను పెట్టేవారు. వచ్చిన సందేశంలో ఎన్ని ఉన్నాయో, ఎన్ని అరల లోపల ఉన్నా సరే, అన్నీ లెక్కపెడుతుంది. బయటికి పోయినవెన్నో లెక్కపెడుతుంది. రెండూ సరిపోకపోతే తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. మేము దాన్ని బిళ్ళల లైను అనేవాళ్ళం.

ఆ పేరు ల్యాంపు రూము నుంచి వచ్చింది. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళ అక్కడ ఇచ్చి తల దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక మేకుకు ఒక బిళ్ళ వేలాడుతోందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడు. మేడం బాపు ప్రతి షిఫ్టుకూ దిగినోళ్ళెందరు, ఎక్కినోళ్ళెందరు అని పైకే అనుకుంటూ లెక్క చూసేవారట. ఒకసారి మేడం ఇంట్లో ఆయనే నాకు చెప్పారు. "నడిచొచ్చినా, మోసుకొచ్చినా, బిళ్ళ తీసేదాక మనిషి నా లెక్కలనే ఉంటడు."

ఇంకో కట్టడి కూడా మేడం అక్కడి నుంచే తెచ్చారు. ఫైలులోంచి ఏ లైను తీసినా, తీసినచోట పేరు, తేదీ, కారణం రాయాలి. "పెట్టినోడు రాయకున్నా నడుస్తది. తీసినోడు మాత్రం రాయాలె."

ఒక మధ్యరకం సాగునీటి ప్రాజెక్టు కింద వాగు వెంట ఉన్న ఊళ్ళకు వరద కబురు పంపే పని మా ఆఫీసుకు వచ్చింది. ప్రాజెక్టు పేరు ఇక్కడ అవసరం లేదు. గేట్లు ఎత్తే ముందు అక్కడి నుంచి ఊళ్ళ జాబితాతో ఒక సందేశం వస్తుంది. మేము దాన్ని విప్పి, ఏ ఊరికి ఏయే ఫోను నంబర్లున్నాయో ఏరి, కబురు పంపాలి. వాగు వెంట రైతుల కరెంటు మోటార్లు ఉంటాయి. కబురు వస్తే మోటారు ముందుగా గట్టుకు చేరుస్తారు. రాకపోతే నీళ్ళు చూశాక దిగుతారు. మేడం ఆ వాగు వెంట మూడు రోజులు తిరిగొచ్చాకే పని మొదలుపెట్టారు.

అధికారులకు చూపించిన రోజు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. వాళ్ళు వెళ్ళిపోయాక ఓనర్ తలుపు కూడా వేయకుండా అరిచాడు.

"ఏంది మేడం గా ఎరుపు? ఆఫీసర్ల ముందట ఇజ్జత్ పోయింది."

"పద్నాలుగు ఊళ్ళు వచ్చినయ్ సార్, పదమూడింటికే పోయింది. ఒక ఊరికి ఫోన్ నంబరే లేదు. గదే చెప్పింది."

"చెప్తే మనకు చెప్పాలె. వాళ్ళకు చూపెట్టుడేంది?"

"మునిగేది ఊళ్ళు సార్. వాళ్ళు చూడకుంటే ఎవలు చూడాలె?"

"గా లైను తీసెయ్యండి."

"నేను తియ్య. మీరు తీసుకోండ్రి. కింద పేరు రాసుకోండ్రి."

వారం తిరక్కుండా ఆమెను రావద్దన్నారు. ఆమె టిఫిన్ డబ్బా, కాగితాల కట్ట సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నమే ఓనర్ నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, అదేడుందో నీకెరుకే గదా. జర తీసెయ్."

తీశాను. రెండు నిమిషాల పని. పేరు రాయలేదు, తేదీ రాయలేదు, కారణం రాయలేదు. ఫైలు మొదట్లో తయారుచేసినవారు అన్నచోట మేడం పేరు అట్లాగే ఉంది.

వానలకు ముందు, ప్రాజెక్టు వాళ్ళు తాము పంపే సందేశం రూపు మార్చారు. అంతకుముందు ఊళ్ళన్నీ ఒకే వరసలో ఉండేవి. ఇప్పుడు శివారు పల్లెలను వాటి పెద్ద ఊరి అరలోపల పెట్టారు. మా ఎక్స్‌పాత్ పైవరస ఊళ్ళనే ఏరుతుంది, లోపలి అరల్లోకి దిగదు. మార్పు జరిగిందని ఆఫీసుకు కాగితం వచ్చింది. ఓనర్ చదివాడో లేదో నాకు తెలియదు. నేను చదవలేదు.

పోయిన ఏడు శ్రావణంలో ఒక పొద్దున గేట్లు ఎత్తారు. మా తెర మీద అంతా పచ్చగానే ఉంది. మూడు శివారు పల్లెలకు కబురు పోలేదు. అందులో ఒక పల్లె రైతు మోటారు తీయడానికి వాగులోకి దిగాడు. మధ్యాహ్నానికి రెండు కిలోమీటర్ల కింద తుమ్మచెట్లలో దొరికాడు.

విచారణ వేశారు. ఓనర్ రాసిచ్చిన కాగితంలో, తయారుచేసిన ఉద్యోగి లోపం వల్ల జరిగింది అని ఉంది. ఫైలు మీద పేరు చూశారు. ఉద్యోగం పోయి నెలలైన మనిషికి నోటీసు పంపారు.

నోటీసు అందిన మర్నాడు మేడం నాకు ఫోన్ చేశారు. "గా పల్లెకు పోతున్న. వస్తవా తమ్మీ?"

"ఓనర్ సెలవియ్యడు మేడం," అన్నాను. నేను సెలవు అడగనే లేదు. ఆమె ఒక్కరే పోయారు.

చలికాలంలో గాని నాకు మంచిర్యాలలోని వాళ్ళింటికి పోయే ధైర్యం రాలేదు. బాపు గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఎండకు కూర్చున్నారు. మేడం చాయ్ పెట్టి, నా కప్పులో మాత్రం షుగర్ వేసి ఇచ్చారు. ఆ పల్లెలో ఏం జరిగిందని అడిగాను.

"ఏం జరుగుతది? గాయన భార్య అడిగింది, అందరికి జెప్పి మాకెందుకు జెప్పలే అని. ఎక్స్‌పాత్ గురించి చెప్పాల్నా ఆమెకు? మీ పల్లె లెక్కల రాలేదమ్మా అన్న. మా పల్లె ఎప్పుడు లెక్కల ఉండె అన్నది."

తర్వాత ఆమే అన్నారు. "లోపలి అరల దాక దిగేటట్టు రాయకపోవుడు నా తప్పు. ఒప్పుకుంట. నాతోని తప్పు ఐతదనే గదా గా లైను పెట్టుకున్నది."

"మేడం, గా లైను..."

"నువ్వే తీసినవ్. నువ్వు రాయకున్నా ఫైలు మారిన తేదీ కంప్యూటరే రాసుకుంటది తమ్మీ, నోటీసుతోని పంపిన కాగితాలల్ల చూసిన. నన్ను ఎల్లగొట్టిన రోజు పగటీలి తీసిండ్రు. ఏడుందో ఎరుకున్నోడివి నువ్వొక్కనివే."

"మరి విచారణల ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని."

కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. చెప్తానన్నాను. చెప్పలేదు. మొదట ఉద్యోగం అడ్డం వచ్చింది. ఉద్యోగం మానేసి ఊరికి వచ్చాక యాసంగి నాట్లు అడ్డం వచ్చాయి, తర్వాత వరికోతలు, తర్వాత పత్తి విత్తులు. అడ్డం రావడానికి ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఈ లోపల ఆమె నాలుగుసార్లు విచారణకు పోయి, బయట బెంచీ మీద కూర్చొని వచ్చారు. కొత్త ఉద్యోగానికి ఎక్కడ అడిగినా ఆ నోటీసు సంగతి ముందే తెలిసి ఉండేదట. ఉద్యోగం పోయినా పాఠాలు చెప్పడం మానలేదు. ఇంట్లోనే నలుగురు పిల్లలకు అదే నీలం డ్రమ్ము పాఠం చెప్పారు.

ఆ నోటీసే ఆమెను చంపిందని నేను అనను. షుగర్ పదేళ్ళ నుంచి ఉంది. నేను అనేది ఇంత: తనొక్కరిదే కాని తప్పు తన పేరు మీద ఉండగానే ఆమె పోయారు. ఆ పేరు తుడవగలిగినవాడు హుజూరాబాద్ పక్కన చేను చేసుకుంటూ బతికే ఉన్నాడు. ఓనర్ మీద నాకున్న కోపం చిన్నది కాదు. కానీ ఆయన చేత్తో ఏదీ తీయలేదు. ఆయనకు ఎప్పుడూ ఒక చెయ్యి దొరుకుతుంది. దొరికింది నా చెయ్యి.

ఇది అచ్చుకు పంపే రోజే విచారణ అధికారికి ఒక కాగితం రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. తీసిన లైను ఏది, తీసింది ఎవరు, ఏ రోజు, ఎవరు చెప్తే. అడుగున నా పూర్తి పేరు, ఊరు, సంతకం ఉన్నాయి. ఏడాది ఆలస్యంగా రాశాను.

ఆ సోమవారం నేను మంచిర్యాల చేరేసరికి పన్నెండు దాటింది. గుమ్మం ముందు ఒక పెద్ద పూలదండ గోడకు ఆనించి ఉంది. మధ్యలో రిబ్బను మీద మా ఆఫీసు పేరు. బాపు చేతికర్రతో దాన్ని చూపించారు.

"గిది ఎవలు తెచ్చిండ్రు?"

"ఆఫీసు నుంచి పంపిండ్రు తాతా," అన్నాను.

"వచ్చిండ్రా, పంపిండ్రా?"

"పంపిండ్రు."

"పంపినోళ్ళు లెక్కలకు రారు. పక్కకు పెట్టు." దండ గోడ పక్కనే ఉండిపోయింది.

గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాం. నీళ్ళు ఎర్రగా, మెట్ల దాకా ఉన్నాయి. తమ్ముడు నిప్పు పెట్టాడు. కట్టెలు తడిసి ఉండడంతో అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. బాపు మెట్టు మీద కూర్చొని చూస్తూ ఉన్నారు. ఇక పోదామని అందరూ లేచాక ఆయన నన్ను పిలిచారు.

"ఎందరం వచ్చినం కొడుకా?"

నేను లెక్కపెట్టాను. "పదిహేడు మందిమి తాతా."

"నా బిడ్డను లెక్కల రాసినవా?"

రాయలేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి చెప్పాను.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గోదావరికి పోయినవాళ్ళం పద్దెనిమిది మందిమి. నాలుగుంబావుకు తిరిగి బయలుదేరినవాళ్ళం పదిహేడు మందిమి.