తొమ్మిదో నకలు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను నేను గడప ఎక్కనివ్వను. ఇప్పటికీ అంతే. కాబట్టి ఇది చదివి నాకు తాయెత్తులు పంపకండి, మనస్తత్వ పాఠాలూ చెప్పకండి.

రెండువేల దశకం చివర్లో డుంబ్రిగుడలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేశాను. కొండ భూముల పట్టాల దరఖాస్తులను కొండ దిగువ పెద్దాఫీసులో స్కాన్ చేసి సర్వర్లో పెట్టేవారు. ఫోన్ లైను మీద ఊరి ఫోల్డరును, దాని లోపలి ఫోల్డర్లతో సహా దించుకోవడం నా పని.

మా దగ్గర గూడేలు జరుగుతుంటాయి. నీళ్ల కోసం కొండ దిగి కొత్తచోట ఇళ్లు వేసుకున్నా, పొలాలు పాత గూడెం దగ్గరే. సర్వర్ చూసే మహానుభావుడు ఈ చిక్కుకు ఒక ఉపాయం కనిపెట్టాడు. పాత గూడెం ఫోల్డరులో కొత్తదానికి ఒక లింకు, కొత్తదాంట్లో పాతదానికి ఒక లింకు పెట్టి చేతులు దులుపుకున్నాడు. లింకంటే అసలు ఫోల్డరు కాదు, ‘అక్కడికెళ్లి చూడు’ అనే చీటీ. మా సాఫ్ట్‌వేరుకు ఆ తేడా తెలియదు. చీటీ కనబడగానే లోపలికి దూరింది. పాతదాంట్లో కొత్తది, కొత్తదాంట్లో మళ్లీ పాతది. అవే ఫైళ్ల నకళ్లను డిస్కు నిండేదాకా దించుతూనే ఉంది.

“రెండూ ఒక్కూరే కదా మేడమ్, ఏటంత గొడవ సేత్తన్నారు?” అన్నాడతను ఫోన్లో.

“ఒక్కూరైతే ఒక్క ఫోల్డరు చాలదూ? నీ తెలివంతా నా డిస్కులో కుక్కావు,” అన్నాను.

ఆ రోజు సంత. బుద్రి అనే రైతు పసుపు అమ్ముకుని వచ్చి నా వెనక నిలబడింది. పాత గూడెం దగ్గరి తన భూమి తల్లి కాలం నుంచీ సాగులో ఉన్నట్టు రుజువు లేదని ఆమె దరఖాస్తును పక్కన పెట్టారు. మర్నాడు పట్టాలు తేల్చే కమిటీకి ఏదో ఒకటి చూపించకపోతే భూమి పోయినట్టే.

“కాగితమేదైనా ఉందేటో సూడమ్మా.”

లేదని మూడుసార్లు కసిరాను. కసురుతూనే ఒక్కో నకలు తెరిచి చూసుకుంటున్నాను. పాత గూడెం ప్రతి నకలులోనూ అవే పదకొండు ఫైళ్లు. తొమ్మిదో నకలులో పన్నెండు.

పన్నెండోది ఫొటో. సామ చేను గట్టున ఒక ముసలామె, సరిహద్దు రాయి మీద చెయ్యి వేసి, కోపంగా ఇటే చూస్తోంది.

“మాయమ్మ,” అంది బుద్రి. తెరకేసి వంగి, “మాయమ్మకి పొటో ఎవులు తీసారు? బతికుండగా ఒక్కటీ లేదు,” అంది.

ప్రింటు తీసి, సర్వర్ అతనికి ఫోన్ చేశాను. వెతికాడు. “పదకొండే మేడమ్, ఒట్టు.” అసలులో లేనిది నకలులోకి ఎలా వస్తుంది? నా దగ్గర కెమెరా లేదు, స్కానర్ లేదు. గది తాళం చెవి నా దగ్గరే ఉంటుంది.

మర్నాడు కమిటీలో అధికారి ఫొటో అటూ ఇటూ తిప్పి, “ఈ ముసల్దెవరు?” అన్నాడు. గూడెం పెద్దలిద్దరు మనిషినీ, చేనునీ గుర్తుపట్టారు. సంతకం పడింది. బుద్రి భూమి నిలిచింది.

ఊరందరితో తగువాడే నేను గబగబా ఆ ఫొటోను ఫైల్లో కుట్టేశాను. ఫొటోలోని రాయి మీద ఎర్రరంగు నంబరు ఉంది. అధికారి కంట పడలేదు, నా కంట పడింది. ఆ రాయిని మా సర్వేయరు పాతి, నంబరు వేసింది ఆ నెలలోనే. బుద్రి తల్లి పోయి అప్పటికి నాలుగేళ్లు.

అబద్ధపు రుజువు పెట్టానా? అలాగైతే ఆ అబద్ధం ఎవరిది?