దగ్గరి నగరం

ఆ ఉదయం, పోర్ట్ బ్లెయిర్ అవతల తుష్నాబాద్‌లో మా ముందుగదిలో ఉన్నవి: పాత ల్యాప్‌టాప్, వైఫై డబ్బా, మూడు ఆధార్ కార్డులు, అమ్మ, అక్క, నేను. విశాఖలో పిన్ని కూతురి పెళ్లి. ఓడ టికెట్లు ఆన్‌లైన్లో తొమ్మిదింటికి తెరుస్తారు, కాసేపట్లోనే అయిపోతాయి. ఆ ఓడ తప్పితే తరువాతిది పెళ్లయ్యాకే.

ముందురోజే నేను ల్యాప్‌టాప్‌లో, దాన్ని నడిపే లినక్స్‌లోనే కొత్త రకం ఎక్కించాను. అంతకుముందు వాడింది తేలిక రకం, బటన్లు నొక్కుతూ పోతే చాలు. ఇందులో డిస్కు విభజన నుంచి గడియారం దాకా ప్రతిదీ మనమే టైపు చేసి చెప్పాలి. డిప్లొమా చదివినవాడు వాడదగింది ఇదేననుకున్నాను.

తెర మీద తొమ్మిది కాగానే టికెట్ల పేజీ తెరిచాను. బుకింగ్ ఇంకా మొదలు కాలేదంది. మళ్లీ తెరిచాను. అదే మాట.

“ఏటయ్యిందిరా?” అంది అమ్మ.

“పాత పేజీ చూపిస్తోందమ్మా. దో మినిట్.”

“నిన్నటిదాకా బాగానే ఉంది కదా, ఎందుకు కెలికావు?”

“ఇది అడ్వాన్స్‌డ్ అమ్మా.”

“అయితే టికెట్టు కూడా అడ్వాన్సుగా ఇచ్చేయమను,” అంది అక్క.

లోపం నెట్‌వర్క్‌లో ఉందని తేల్చాను. లినక్స్ గైడ్ చూస్తూ ఒక సెట్టింగు మార్చాను, తరువాత ఇంకోటి. చివరికి నెట్‌వర్క్ నడిపే ప్రోగ్రామునే తీసేసి మళ్లీ ఎక్కిద్దామనుకున్నాను. తీయడం చక్కగా జరిగింది. ఎక్కించాలంటే నెట్ కావాలంది.

తెర మీద పది కావస్తోంది. “ఇంకేటి దొరుకుతాయి, పిన్నికి ఫోన్ చేసి రాలేమని చెప్పేయ్,” అంది అమ్మ, గొంతు తగ్గించి.

అక్క ఫోన్ తీసి ఆగింది. “అరే, తొమ్మిదికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. నీ ల్యాప్‌టాప్ ఏ దేశంలో ఉందిరా?”

బర్మాలో ఉంది. గడియారం పెట్టేటప్పుడు నగరాల జాబితాలో పోర్ట్ బ్లెయిర్ కనిపించలేదు. దగ్గరి నగరం ఎంచుకోమంది గైడ్. మ్యాప్ మీద కొలిచి చూశాను. కోల్‌కతా దూరంలో బర్మావాళ్ల యాంగాన్ దాదాపు సగమే, దాన్నే ఎంచుకున్నాను. అక్కడి గడియారం మనకన్నా గంట ముందు.

“హటో,” అని అక్క నన్ను పక్కకు జరిపి తన ఫోన్లోనే పేజీ తెరిచింది. అమ్మ ఆధార్ నంబర్లు చదివింది. ఓటీపీ చదివే పని నాకిచ్చారు. మూడు అడిగితే లేవంది. అక్క నా వైపు ఒకసారి చూసి, ఒకటి తగ్గించి మళ్లీ నొక్కింది.

దొరికిన టికెట్లు రెండు.