నిలబడ్డ గంటలు

డాష్‌బోర్డు మీద ఎర్రదీపం మిణుక్కుమనగానే అయిదేసి అక్క చేసిన మొదటి పని, దాని నెత్తిన ఒక్కటి మొట్టడం. పాత వ్యాన్‌లో ఆరేళ్ళు ఆవిడ చేసింది అదే. అందులో ఏదో వైరు వదులుగా ఉండేది. గుంతలో పడ్డప్పుడల్లా నూనెడబ్బా బొమ్మ ఉన్న దీపం వెలిగేది, మొట్టికాయ పడగానే బుద్ధిగా ఆరిపోయేది. ఈ దీపమూ ఆరింది. ఆవిడ గేరు తగ్గించి ఎత్తు ఎక్కసాగింది.

కానీ ఇది పాత వ్యాను కాదు. షోరూము నుంచి వచ్చి నాలుగు నెలలైనా కాని కొత్త పికప్పు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తియ్యలేదు. ఇంత కొత్త బండిలో వైర్లు వదులవడానికి అవేమైనా ముసలాయన పళ్ళా?

వెనక గూడులో ముప్ఫై అట్టపెట్టెలు. తెల్లవారుజామున గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన కోడిపిల్లలు, పెట్టెకి నూటరెండు చొప్పున. నూరు కొన్నవాళ్ళవి. మిగతా రెండూ దారిలో పోయేవాటి కోసమని గుడ్లు పొదిగించే హేచరీ వాళ్ళు ఊరికే వేసేవి. అంటే మూడువేల మీద అరవై. ఆ అరవై లోపల చచ్చాయా, ఎవరూ ఏమీ అనరు. అరవై దాటితే మాత్రం అది తెచ్చినవాళ్ళ తప్పే. ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన లెక్క అది.

లెక్క అంటే ఆవిడ తర్వాతే ఎవరైనా. పదహారేళ్ళు అదే హేచరీలో బల్ల ముందు నిలబడి పిల్లల్ని లెక్కపెట్టింది. గుప్పిట్లోకి అయిదేసి తీసుకోవడం, పెట్టెలో వదలడం, పైకి అంకె చెప్పడం. ఎంత వేగంగా తీసినా చేతిలో నాలుగో ఆరో పడేవి కావు. అయిదే. అందుకే ఆ పేరు. ఇంట్లో బట్టలు ఆరేసినా క్లిప్పులు అయిదేసి తీస్తుందని వాళ్ళాయన నవ్వుతుంటాడు. నిలబడీ నిలబడీ కాళ్ళు వాచిపోతుంటే ముప్ఫైనాలుగేళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకుంది. "పిల్లల్ని పెట్టెలోకి పంపించిందాన్ని, ఇంటిదాకా పంపించలేనా?" అని మేనేజరునే దబాయించి బండి పనిలో చేరింది. ధైర్యం అంటే అదీ!

ఈ రోజు లోడు మాత్రం మామూలు లోడు కాదు. కొండ అవతల ఫారాలకి ఎప్పుడూ పెద్ద లారీయే వెళ్ళేది. "ఈసారి నువ్వు తీసుకెళ్ళమ్మా. సవ్యంగా దిగితే ఆ వైపు రూటంతా నీకే. తేడా వచ్చిందా, మళ్ళీ లారీకే ఇచ్చేస్తా. తర్వాత నన్నడగొద్దు" అన్నాడు మేనేజరు. కొత్త బండి కొన్నదే ఆ రూటు కోసం.

ఎర్రదీపం మళ్ళీ వెలిగింది. మొట్టింది. ఆరలేదు. ఇంకొకటి గట్టిగా మొట్టింది. ఆరలేదు.

ఫారం ఇంకా పదకొండు కిలోమీటర్లు. ఇరవై నిమిషాలు, మహా అయితే పాతిక. పోనిచ్చేస్తే ఏమవుతుంది? పిల్లలు దిగిపోతాయి, ఆ తర్వాత బండి సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. ఆగితేనో? ఇంజను ఆగితే గూడులో ఫ్యాన్లు ఎంతోసేపు తిరగవు. పొద్దున్న పదిన్నరకే ఎండ పెనంలా ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెల్లో మూడువేల ప్రాణాలు, వాటి ఒంటివేడి వాటికే చాలు చావడానికి.

కాలు ఆక్సిలరేటరు మీదే ఉంది. అప్పుడు చెవిలో అన్నయ్య మాట వినిపించింది. "ఎర్రదీపం వెలిగితే ఇంకో రెండు నిమిషాలు అనుకోకు. ఆ రెండు నిమిషాల్లోనే ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది." ఏళ్ళ క్రితం ఎవరితోనో అంటుంటే విన్న మాట. ఎత్తు దాటగానే కనిపించిన కల్వర్టు పక్కన బండి ఆపి తాళం తిప్పేసింది. ఫోను తీసింది. తీసి, అలాగే పట్టుకు కూర్చుంది.

అన్నయ్యతో మాటల్లేక మూడు నెలలు.

కారణం చెబితే నవ్వుతారు. ఇంజన్ ఆయిల్. అన్నయ్యకి ఊరి చివర మెకానిక్ షెడ్డుంది. కొత్త బండి చూపించడానికి వెళ్తే చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యేసి, "బావుందే. వెయ్యి కిలోమీటర్లు తిరగ్గానే తీసుకురా, మొదటి ఆయిల్ మార్చేస్తా. ఆ తర్వాత నువ్వు చేసే పనికి అయిదువేలకి ఒకసారి" అన్నాడు.

"బండితో ఇచ్చిన పుస్తకంలో పదివేలని రాసుందన్నయ్యా" అంది ఆవిడ.

"పుస్తకం వచ్చి నడుపుతుందా నీ బండిని?"

"కంపెనీ వాళ్ళకి తెలీదా ఏంటి? నీకు చదవడం రాదు కాబట్టి పుస్తకమంటే మంట."

షెడ్డులో నలుగురు బేరగాళ్ళున్నారు. అన్నయ్య నాలుగో తరగతిలోనే బడి మానేసి స్పానర్ పట్టాడు. చెల్లెలు పదో తరగతి పాసైందంటే ఆ స్పానర్ వల్లే. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయాడు. మాట జారిందని ఆవిడకి ఆ క్షణంలోనే తెలుసు. తెలిసీ, వెళ్ళి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. ఇద్దరికీ ముక్కు మీదే కోపం, దిగి రావడం మాత్రం ఇద్దరికీ చేతకాదు.

వెనక నుంచి కిచకిచలు పెరిగాయి. ఫోను చేసింది. రెండోసారికి ఎత్తాడు. "ఊఁ" అన్నాడు, అంతే.

"అన్నయ్యా, ఎర్రదీపం వెలిగింది. కొండ దాటాక కల్వర్టు దగ్గరున్నా. లోపల మూడువేల పిల్లలున్నాయి."

"ఇంజను ఆపావా?"

"ఆపాను. ఫ్యాన్లు బ్యాటరీ మీద తిరుగుతున్నాయి."

"ఫ్యాన్లూ ఆపెయ్."

"పిల్లలు చస్తాయన్నయ్యా!"

"బ్యాటరీ చచ్చిందంటే నేను ఆయిల్ తెచ్చినా బండి లేవదు. అప్పుడు అన్నీ చస్తాయి. ఆపెయ్యమన్నానా! ఆపి, కడ్డీ తీసి చూడు."

ఆవిడ ఫ్యాన్ల స్విచ్చి నొక్కింది. ఇన్నేళ్ళలో ఇంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ లాగి, తుడిచి, మళ్ళీ ముంచి తీసింది. కింది గీతకి కూడా అందలేదు. కొస మాత్రం తడిసింది, అదీ నల్లగా, కాటుకలా.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

"ఆరువేల రెండొందలు. ఇంకా మూడువేల ఎనిమిదొందలు ఉందిగా..."

"సరే, రోజుకి ఎన్ని గంటలు నిలబెట్టి నడుపుతావ్? కదలకుండా, ఇంజను ఆన్‌లో పెట్టి?"

హేచరీ దగ్గర లోడు ఎక్కేదాకా ఇంజను ఆన్‌లోనే, ఫ్యాన్ల కోసం. ప్రతి ఫారం దగ్గరా లెక్క అప్పజెప్పేదాకా ఆన్‌లోనే. చక్రాలు తిరిగేది రెండు గంటలైతే, ఇంజను తిరిగేది ఆరేడు గంటలు. మీటరుకి అవేవీ తెలియవు. బండి కదిలితేనే దాని అంకె కదులుతుంది.

"లెక్కపెట్టలేదు" అంది. అయిదేసి అక్క నోట ఆ మాట!

"ఈ కడ్డీ ఆఖరిసారి ఎప్పుడు చూశావ్?"

"కొత్త బండి కదా అని..."

"కొత్త బండైతే ఆయిల్ తాగదని ఎవడు చెప్పాడే నీకు?" అని అరిచాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "సరే విను. పెట్టెలు దించు. కల్వర్టు కింద నీడ ఉంటుంది, గాలి ఆడుతుంది. ఒకదాని మీద ఒకటి పెట్టకు. నేను బయల్దేరా. నలభై నిమిషాలు."

గూడు తలుపు తియ్యగానే వేడిగాలి మొహాన కొట్టింది. మధ్య వరస పెట్టెలు ముందు లాగింది, ఉడికేవి అవే. రెండేసి పెట్టెలు చేతుల మీద పెట్టుకుని రాళ్ళ గట్టు దిగడం, కల్వర్టు కింద ఇసుకలో విడివిడిగా పరచడం, మూతలు తియ్యడం, మళ్ళీ ఎక్కడం. మూడో విడతకి చెప్పు తెగింది. రెండోది కూడా విసిరి పారేసింది. రాళ్ళు కాలుతున్నాయి. కాలితే కాలనీ.

పిల్లలు అరుస్తున్నంతసేపూ భయం లేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అరవడం మానేసి, ముక్కులు తెరిచి, రెక్కలు వేలాడేసి నిలబడ్డాయంటేనే భయం. ఎనిమిదో విడతకి వెళ్ళేసరికి బండిలో చప్పుడు బాగా పల్చబడింది. "అరవండే! అరవండి తల్లుల్లారా, మీకు పుణ్యముంటుంది!" అంటూ ఏడుస్తూనే లాగింది. దారిన పోయే ఒక కారు నెమ్మదించి, ఈవిడ వాలకం చూసి, పిచ్చిదనుకుందేమో, వెళ్ళిపోయింది.

పదిహేను విడతలు. ఆఖరి రెండు పెట్టెలూ దించాక మంచినీళ్ళ సీసాలో ఉన్న నీళ్ళన్నీ కొంగు మీద పోసి, పిండి, పెట్టెల మధ్య నిలబడి విసురుతూ ఉండిపోయింది. చేతులు పడిపోతున్నా ఆపలేదు. కాసేపటికి ఒక మూల నుంచి కిచకిచ మొదలైంది. తర్వాత పక్క పెట్టె. తర్వాత ఇంకోటి.

అన్నయ్య స్కూటరు వచ్చింది. కాళ్ళ మధ్య ఆయిల్ డబ్బా. ఆవిడ వైపు చూడకుండా తిన్నగా బానెట్ దగ్గరికెళ్ళాడు. కడ్డీ తీసి, ఆ నలుపుని వేళ్ళ మధ్య నలిపి, పెదవి విరిచాడు. డబ్బా మూత తీసి కొంచెం కొంచెంగా పోశాడు. పోయడం, ఆగడం, కడ్డీ చూడడం. ఆవిడ పక్కన నిలబడి అడగలేక అడగలేక అడిగింది.

"ఇంజను పోయిందా?"

"ఉండు."

తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి గరగరమని లేచింది. పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

"బతికింది" అన్నాడు. "ఇంకో రెండు కిలోమీటర్లు లాగి ఉంటే నేను కాదు కదా, కంపెనీ వాడొచ్చినా లేపలేకపోయేవాడు. ఈ పోసింది ఫారందాకా వెళ్ళి రావడానికే. రేపు పాత ఆయిలంతా దించి, ఫిల్టరు మార్చాలి."

ఇద్దరూ కలిసి పెట్టెలు ఎక్కించారు. ఎక్కించే ముందు ఒక్కో పెట్టె వెతికి, చచ్చినవి తీసి ఒక మూతలో పెట్టింది ఆవిడ. చివర్న ఆ మూత ముందు కూర్చుని లెక్కపెట్టింది, అలవాటు కొద్దీ అయిదేసి. పద్నాలుగు అయిదులు, ఒకటి. డెబ్భై ఒకటి. అరవైకి పదకొండు ఎక్కువ. ఆ పదకొండిటినీ వేరుగా తీసి చూస్తూ ఉండిపోయింది.

అన్నయ్య క్యాబిన్‌లోంచి పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "ఆ పదివేల సంగతి ఎక్కడుందో చదువు. నేనూ వింటా."

"వద్దన్నయ్యా. ఇప్పుడెందుకు?"

"చదవమంటున్నాగా."

ఆవిడ పేజీ తీసింది. ఆ వరస కింద ఆవిడే గీసిన పెన్ను గీత ఉంది. "పదివేల కిలోమీటర్లకు లేదా సంవత్సరానికి ఒకసారి, ఏది ముందైతే అది" అని చదివింది. ఆ కిందే చిన్న అక్షరాలున్నాయి. అంతకు ముందెప్పుడూ కళ్ళు అక్కడిదాకా దించలేదు. "బరువైన లోడుతో నడిపే బండ్లకు, ఎక్కువ సేపు నిలిపి ఇంజన్ నడిపే బండ్లకు, అందులో సగం దూరానికే..." ఆగిపోయింది.

"ఆగావేం?"

"...సగం దూరానికే మార్చవలెను. ఆయిల్ మట్టం వారానికోసారి చూడవలెను."

అన్నయ్య చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పుస్తకం మంచిదేనే. నేనే అనవసరంగా దాన్ని తిట్టాను."

ఒక్క దెప్పు మాట అని ఉంటే ఆవిడ తట్టుకునేది. ఇది తట్టుకోలేకపోయింది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆ రోజు నేనలా అనుండకూడదు అన్నయ్యా. నలుగురిలో. నువ్వు చదివించినదాన్ని" అంది. ఆయన స్కూటరు సీటు తుడవసాగాడు, దానికేదో పెద్ద దుమ్ము పట్టినట్టు.

కళ్ళు తుడుచుకుని మేనేజరుకి ఫోను చేసింది. "డెబ్భై ఒకటి పోయాయండీ."

"అయ్యో. ఎండ దెబ్బేగా? ఈ ఎండలకి లారీలో అయినా పోయేవేలే. ఎండ అనే రాసేస్తా."

అన్నయ్య వింటున్నాడు. ఎండ అనేస్తే సరిపోతుంది. రూటు నిలుస్తుంది.

"ఎండ కాదండీ. ఆయిల్ మార్చలేదు, దారిలో ఆగిపోయాను. తప్పు నాదే. రేపు కూడా బండి రాదండీ, ఆయిల్ మార్పించాలి."

"రేపు కొండ అవతలికి ఇంకో లోడుందమ్మా. నువ్వు రాకపోతే లారీకే చెప్పాలి నేను."

"చెప్పండి" అంది ఆవిడ.

ఫోను బొడ్లో దోపుకుని, కాలిన కాళ్ళతో బండెక్కింది. పదకొండు కిలోమీటర్లూ స్కూటరు వెనకే వచ్చింది. ఫారం గేటు ముందు ఆవిడ బండి నిలిపింది. ఫ్యాన్లు తిరుగుతుండాలి కాబట్టి ఇంజను ఆపలేదు. దిగబోయి, మళ్ళీ కూర్చుని, పుస్తకం తీసి వెనక అట్ట మీద బండి నిలబడ్డ టైము రాసింది. పన్నెండూ పది.